బోర్డులు మార్చకముందు ఓపీ కార్డు వెంట నడవండి

పీలేరు నుంచి తొలి బస్సు పట్టుకుని తిరుపతికి వచ్చిన ఒక పేషెంటును ఊహించుకోండి. కింది దవడలో కుడివైపు పన్ను పిప్పి, దాని చుట్టూ చిగురు వాపు, పక్కనే ఎప్పుడో పీకించుకున్న పన్ను తాలూకు ఖాళీ. తొమ్మిదింటికి డెంటల్ కాలేజీలో ఓపీ చీటీ రాయించుకుంటాడు. నోటి జబ్బులు చూసి, ఎక్స్‌రేలు తీసే ఓరల్ మెడిసిన్‌లో కేస్ హిస్టరీ (జబ్బు చరిత్ర) రాసి ఎక్స్‌రేకు పంపుతారు. ఆ ఎక్స్‌రే పట్టుకుని ఫిల్లింగులు, రూట్ కెనాల్ చేసే కన్సర్వేటివ్‌కు వెళ్తే ముందు చిగుళ్లు క్లీన్ చేయించుకుని రమ్మంటారు. చిగుళ్ల విభాగమైన పెరియోలో మళ్లీ మొదటి నుంచి కేస్ హిస్టరీ, అపాయింట్‌మెంటు వచ్చే వారానికి. ఖాళీ సంగతి అడిగితే కట్టుడు పళ్లు పెట్టే ప్రోస్థో పై అంతస్తులో ఉందంటారు. ఇంతలో ఒంటిగంట అవుతుంది. మూడు విభాగాలు చూశాయి, మూడు కేస్ షీట్లు తయారయ్యాయి. నొప్పి మాత్రం వచ్చినట్టే పీలేరు బస్సెక్కి వెళ్లిపోయింది.

ఏ విభాగానికి ఆ విభాగాన్ని తీసుకుంటే ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. చిగుళ్ల వాపు తగ్గకుండా పెద్ద ఫిల్లింగ్ చేస్తే నిలవదు, అది నిజమే. కేస్ హిస్టరీ రాయకపోతే పీజీకి మార్కులుండవు, అదీ నిజమే. లోపం ఉన్నది విభాగాల్లో కాదు, ఒక విభాగం గడప నుంచి ఇంకో విభాగం గడప దాకా ఉన్న దారిలో. డెంటల్ కాలేజీలో విభాగాలను తిరిగి కూర్చాలనుకునే వారు మొదట చూడాల్సింది ఆ దారినే. కానీ మామూలుగా జరిగేది వేరు. మీటింగులో తెల్లబోర్డు మీద గళ్లు గీస్తారు. ప్రోస్థో, కన్సర్వేటివ్ కలిపి ఒకటి, పెడో (పిల్లల పళ్లు), ఆర్థో (వంకర పళ్లు సరిచేసేది) కలిపి ఒకటి అని పేర్లు పెడతారు. విదేశాల్లో చాలా చోట్ల అలాగే నాలుగైదు పెద్ద విభాగాలుంటాయి కదా అంటారు.

మన దగ్గర ఆ లెక్క కుదరదు. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టం కింద వచ్చిన 2007 బీడీఎస్ (డిగ్రీ) నిబంధనలు, 2017 ఎండీఎస్ (పీజీ) నిబంధనలు మొత్తం చదువును సబ్జెక్టుల వారీగా, స్పెషాలిటీల వారీగా కట్టాయి. ఎండీఎస్‌కు తొమ్మిది స్పెషాలిటీలున్నాయి: ప్రోస్థోడాంటిక్స్, పెరియోడాంటాలజీ, ఓరల్ సర్జరీ, కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఆర్థోడాంటిక్స్, ఓరల్ పాథాలజీ, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ, పెడోడాంటిక్స్, ఓరల్ మెడిసిన్. ఒక్కోదానికి ప్రొఫెసర్, రీడర్, సీనియర్ లెక్చరర్ల లెక్క వేరు. పీజీ సీట్లు ఆ లెక్క మీదే నిలుస్తాయి. విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరీక్షలూ సబ్జెక్టుల వారీగానే జరుగుతాయి. థియరీలో 100కు 70 రాత పరీక్ష, 20 వైవా, 10 ఇంటర్నల్. ప్రాక్టికల్‌లో 90 పరీక్ష, 10 ఇంటర్నల్. ఆ ఇంటర్నల్ మార్కుల మీద సంతకం పెట్టడానికి ఒక హెచ్ఓడీ (విభాగాధిపతి) ఉండి తీరాలి. 2023లో పార్లమెంటు చేసిన జాతీయ డెంటల్ కమిషన్ చట్టం పాత డెంటల్ కౌన్సిల్ స్థానంలో కమిషన్‌ను, దాని కింద చదువుకు ఒకటి, తనిఖీ, రేటింగులకు ఒకటి, నైతికత, రిజిస్ట్రేషన్లకు ఒకటి చొప్పున మూడు బోర్డులను పెట్టింది. అయినా స్పెషాలిటీ పునాది మీదే చదువు నడుస్తోంది. రెండు విభాగాలను కాగితం మీద కలిపేస్తే మిగిలేది తనిఖీ రోజున తలనొప్పి తప్ప పేషెంటుకు ఒరిగేది ఏమీ లేదు.

కాబట్టి తొమ్మిదింటినీ అలాగే ఉంచండి. కార్డు, ఎక్స్‌రే, స్టెరిలైజేషన్, స్టోరు, ల్యాబు, ఉమ్మడి క్లినిక్‌లు, ఇంటర్న్‌ల వరుస, ఇవి కలపండి. మార్పు అంతా ఇక్కడే ఉంది.

ముందు లెక్క, తర్వాత నక్షా

పది పనిదినాలు లెక్క తీయండి. ప్రతి అయిదో ఓపీ కార్డుకు ఒక చిన్న రంగు కాగితం పిన్ను చేస్తే చాలు. అందులో ఆరు గళ్లు: చీటీ రాయించుకున్న సమయం, మొదటి విభాగంలో కూర్చున్న సమయం, నోట్లో మొదటి చికిత్స మొదలైన సమయం, తిరిగిన విభాగాలు ఎన్ని, ఎక్స్‌రే గదికి ఎన్నిసార్లు, చికిత్స అయి వెళ్లారా లేక తేదీ మాత్రమే తీసుకుని వెళ్లారా. నింపే పని పబ్లిక్ హెల్త్ పోస్టింగులో ఉన్న ఇంటర్న్‌లకు అప్పగించండి. మెట్ల దగ్గర ఒకరు, లిఫ్టు దగ్గర ఒకరు.

లెక్కకు వారాలు ఎంచుకోవడంలో జాగ్రత్త. మే నెలలో గంగమ్మ జాతర వారం, బ్రహ్మోత్సవాల రోజులు, సంక్రాంతి పక్కన పెట్టండి. ఆ రోజుల ఓపీ ఊరి మామూలు ఓపీ కాదు. క్యాంపు బస్సు వచ్చే రోజును లెక్కలో ఉంచాలి గానీ విడిగా గుర్తు పెట్టాలి. పదిన్నరకు ఒక బస్సు నలభై మందిని దించితే ఓరల్ మెడిసిన్ కుర్చీలన్నీ ఒకేసారి నిండిపోయి, చీటీ తీసుకుని తనంతట తాను వచ్చిన వారు వెనకబడతారు. దీనికి మందు తేలిక. క్యాంపులోనే కేస్ షీటు మొదటి పేజీ నింపి, ఏ విభాగానికి వెళ్లాలో రాసి పంపితే ఆ నలభై మందిలో ఎక్కువ మంది ఓరల్ మెడిసిన్ వరుసలో నిలబడకుండానే అసలు కుర్చీకి చేరతారు.

ఒకే కార్డు, ఒకే పన్ను నంబరు

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, రూపాయి ఖర్చు లేనిది, అయినా చాలా చోట్ల ఆగిపోయేది ఇదే. ఒక విభాగం పళ్లకు రెండంకెల ఎఫ్‌డీఐ పద్ధతిలో నంబరు వేస్తుంది, ఇంకో విభాగం గీతలు గీసి పామర్ పద్ధతిలో రాస్తుంది. పై కుడి మొదటి దవడ పన్ను ఎఫ్‌డీఐలో 16. పామర్‌లో అది 6 అంకె, పక్కన రెండు గీతలు. ఆ గీతలు ఏ వైపు తిరిగాయన్నదే కుడో ఎడమో చెప్పేది. క్లిప్పులు వేయడానికి ముందు మొదటి ప్రీమోలార్లు (కోరపన్ను వెనక పళ్లు) తీయమని ఆర్థో నుంచి ఓరల్ సర్జరీకి చీటీ వెళ్తుంది. గీత కాస్త చెరిగినా, కాగితం తిరగేసి పట్టుకున్నా తప్పు పన్ను ఊడుతుంది. పిల్లల పాల పళ్లకు ఒకరు అక్షరాలు, ఒకరు 51 నుంచి 85 దాకా అంకెలు వాడితే పెడో, సర్జరీల మధ్య ఇదే గండం.

అందుకని కాలేజీ మొత్తానికి ఎఫ్‌డీఐ ఒక్కటే అని ఆర్డరు వేయండి. పన్ను తీయమనే చీటీలో మాత్రం అంకెతో పాటు మాటల్లోనూ రాయాలి: "14, పై కుడి మొదటి ప్రీమోలార్" అని. ఆర్థో వాళ్లు తమ రికార్డులో పామర్ రాసుకుంటే రాసుకోనివ్వండి, గడప దాటే కాగితం మీద మాత్రం కుదరదు.

కేస్ హిస్టరీ విషయంలో గొడవ ఎక్కువ. ప్రతి విభాగానికీ తన ఫారం మీద మమకారం. మొదటి రెండు పేజీలు ఉమ్మడిగా పెట్టండి: వివరాలు, జబ్బులు, వాడే మందులు, అలెర్జీ, పళ్ల పటం, చికిత్స వరుస. ఆ తర్వాత విభాగానికో రంగు కాగితం. ఉమ్మడి పేజీలు రెండో విభాగంలో మళ్లీ రాయకూడదు, సరిచూసి సంతకం పెట్టాలి. బీపీ, షుగర్ ఆ రోజు చూసినవి మాత్రం మళ్లీ రాయాలి. పీజీలు చరిత్ర రాయడం నేర్చుకునేది ఎలా అని అడుగుతారు. ఆ అడగడం సబబే. వారానికి నిర్ణీతంగా కొన్ని కేసులు పూర్తి చరిత్రతో రాయమనండి, అవి పీజీ లాగ్‌బుక్కులో ఉంటాయి. రోజూ ఓపీకి వచ్చే ప్రతి మనిషి మీదా అది చేయక్కర్లేదు.

చికిత్స వరుస రాసే గడి ఒక్కటి కార్డును మారుస్తుంది. నొప్పి, వాపు మొదట. తర్వాత క్లీనింగ్, పిప్పి తీయడం, రూట్ కెనాల్, నిలవని పళ్లు తీసేయడం. లోతుగా క్లీనింగ్ చేసిన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చిగుళ్లు మళ్లీ చూడటం. ఆ తర్వాతే క్యాపులు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్లు. పీలేరు మనిషికి ఆ రోజే రూట్ కెనాల్ తెరిచి నొప్పి తగ్గించవచ్చు. చిగుళ్ల క్లీనింగ్ కోసం దాన్ని ఆపక్కర్లేదు. ఆపాల్సింది క్యాపును. ఈ వరుస ఓరల్ మెడిసిన్ టేబుల్ దగ్గరే రాసి, సీనియర్ లెక్చరర్ సంతకం పెడితే ఏ విభాగమూ పేషెంటును వెనక్కి పంపే పని ఉండదు.

తిరుపతికి మరో ప్రత్యేకత ఉంది. స్విమ్స్, రుయా వంటి పెద్దాసుపత్రులు ఊళ్లోనే ఉండటంతో గుండె వాల్వు ఆపరేషన్‌కు ముందు, తల, మెడ భాగానికి రేడియేషన్‌కు ముందు నోరు చూపించుకుని రమ్మనే చీటీలు వస్తాయి. వాళ్లది మామూలు వరుస కాదు. రేడియేషన్‌కు ముందు తీయాల్సిన పళ్లు కనీసం రెండు వారాల ముందే తీస్తే గానీ ఎముక మానదు. తర్వాత తీస్తే దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం. అలాంటి కార్డుకు ఎర్ర స్టిక్కర్ వేసి, ఓరల్ మెడిసిన్ నుంచి సర్జరీకి అదే రోజు వెళ్లేలా ఒక కుర్చీ ఖాళీగా ఉంచాలి.

బోర్డుల సంగతి కూడా ఇక్కడే. విభాగం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు గజాల పొడవున రాసి ఉంటే పేషెంటుకు ఉపయోగం లేదు. "సిమెంటు, వేరు చికిత్స", "చిగుళ్లు", "పళ్లు తీసే చోటు", "కట్టుడు పళ్లు, క్యాపులు", "పిల్లల పళ్లు", "క్లిప్పులు" అని తెలుగులో రాయండి. నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి తమిళం మాట్లాడే వాళ్లూ వస్తారు కాబట్టి పక్కన తమిళం కూడా ఉండాలి. నేల మీద విభాగానికో రంగు గీత వేస్తే చదువు రాని వారూ దారి పట్టుకుంటారు.

ఎక్స్‌రే ఎవరిది?

ఒక రూట్ కెనాల్‌కు మొదలుపెట్టే ముందు ఒకటి, పొడవు కొలవడానికి ఒకటి, గట్టాపెర్చా (కెనాల్ నింపే రబ్బరు లాంటి కడ్డీ) సరిచూడటానికి ఒకటి, అయిపోయాక ఒకటి. అంటే తక్కువలో తక్కువ నాలుగు ఎక్స్‌రేలు. రేడియాలజీ కింది అంతస్తులో, కన్సర్వేటివ్ రెండో అంతస్తులో ఉంటే నోట్లో ఫైలు (కెనాల్ గీకే సన్న సూది) పెట్టుకుని, రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు తెర) బిగించుకుని మనిషి మెట్లెక్కి దిగాలి. ఎవరూ అలా చేయరు. రబ్బర్ డ్యామ్ తీసేస్తారు. ఉమ్మి లోపలికి పోతుంది, కెనాల్ మళ్లీ చెడుతుంది. ఒక గది ఎక్కడుందన్నది చికిత్స నాణ్యతను ఎలా చెడగొడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

నోటి లోపలి ఎక్స్‌రే యంత్రం ఒకటి సెన్సర్‌తో సహా కన్సర్వేటివ్‌లోనే ఉండాలి. ఓపీజీ (దవడలు మొత్తం కనిపించే ఎక్స్‌రే), సీబీసీటీ (దవడ 3డీ స్కాన్) ఓరల్ మెడిసిన్‌లోనే ఉండనివ్వండి. యంత్రం ఎక్కడున్నా రికార్డు మాత్రం ఓరల్ మెడిసిన్‌దే. అణుశక్తి నియంత్రణ మండలి నమోదు, రేడియేషన్ భద్రతాధికారి, సిబ్బందికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు, నాణ్యతా పరీక్ష, అన్నీ ఒకే చేతిలో ఉండాలి. యంత్రాన్ని ఒక గది నుంచి ఇంకో గదికి జరిపితే గది నక్షా, నాణ్యతా పరీక్ష మళ్లీ చూసుకోవాలి. జరిపేసి తర్వాత కాగితాలు సర్దుకుందాం అనుకోవద్దు.

స్టెరిలైజేషన్ కలపడంలో పడే గుంట

విభాగానికో పాత ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) తీసేసి అన్నిటికీ కలిపి ఒక కేంద్ర గది పెట్టడం మంచి ఆలోచనే. కానీ హ్యాండ్‌పీసుల (పన్ను తొలిచే డ్రిల్లు పిడుల) లెక్క వేయకుండా కలిపితే మూడో రోజుకే క్లినిక్ ఆగిపోతుంది. లెక్క చూడండి.

కన్సర్వేటివ్‌లో 30 కుర్చీలు, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక్కో పేషెంటుకు 80 నిమిషాలు అనుకుందాం. పేషెంట్లు కూర్చునేది 9:00కి, 10:20కి, 11:40కి. విభాగంలోనే ఆటోక్లేవ్ ఉంటే కడగడం, నూనె పెట్టడం, కవరులో వేయడం, 134 డిగ్రీల సైకిల్, ఆరడం, చల్లారడం కలిపి సుమారు 75 నిమిషాలు. 10:20కి వాడి తీసిన హ్యాండ్‌పీసు 11:35కి చేతికొస్తుంది. మూడో పేషెంటుకు సరిగ్గా అందుతుంది. రెండు సెట్లు, అంటే 60 హ్యాండ్‌పీసులు చాలు. అదే కేంద్ర గదికి పంపితే ట్రే నిండే దాకా ఆగడం, ట్రాలీ, రిజిస్టరు, తిరిగి రావడం కలిపి రెండు గంటలు. 10:20కి వెళ్లింది 12:20కి గానీ రాదు. మూడో పేషెంటుకు మూడో సెట్టు కావాలి, అంటే 90. ఒక్క విభాగానికే 30 హ్యాండ్‌పీసులు అదనం. బడ్జెట్‌లో ఆ మాట లేకపోతే ఏం జరుగుతుంది? స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి పేషెంటుకు వాడతారు. స్టెరిలైజేషన్ మెరుగుపరచాలని మొదలుపెట్టిన మార్పు దాన్ని ఉన్నదానికన్నా దిగజారుస్తుంది.

కాబట్టి మధ్యే మార్గం మేలు. సర్జరీ కిట్లు, పెరియో ఫ్లాప్ కిట్లు, ఇంప్లాంటు కిట్లు, అద్దాలు, ప్రోబుల ట్రేలు కేంద్ర గదికి. హ్యాండ్‌పీసులు విభాగంలోనే, చిన్న బి క్లాసు ఆటోక్లేవ్‌లో. హ్యాండ్‌పీసు లోపల సన్నటి గొట్టాలుంటాయి. ముందుగా గాలి లాగేయని పాత రకం ఆటోక్లేవ్‌లో ఆ గొట్టాల్లో గాలి మిగిలి ఆవిరి లోపలికి చేరదు, బయట మాత్రమే శుభ్రమవుతుంది. ఏ ఆటోక్లేవ్ అయినా వారానికి ఒకసారి స్పోర్ పరీక్ష (గట్టి క్రిములను లోపల పెట్టి చచ్చాయో లేదో చూడటం) పెట్టాలి. కవరు మీది రంగు మారడం వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, క్రిములు చచ్చాయని కాదు. నీళ్ల విషయం కూడా మర్చిపోవద్దు. బోరు నీళ్లు నేరుగా పోస్తే ఆటోక్లేవ్ లోపల తెల్లటి పొలుసు కట్టి వాల్వులు బిగుసుకుంటాయి. డిస్టిల్డ్ వాటర్ యంత్రాన్ని మొదటి కొనుగోలులోనే పెట్టుకోవాలి.

వ్యర్థాల డబ్బాలు అన్ని విభాగాల్లోనూ 2016 నిబంధనల రంగుల్లోనే ఉండాలి: పసుపు, ఎరుపు, సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా, గాజుకు నీలం. 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. తీసిన పన్నులో అమాల్గమ్ (పాదరసం కలిసిన ఫిల్లింగ్) ఉంటే దాన్ని పసుపు సంచిలో వేయకండి. పసుపు సంచి కాల్చే పొయ్యికి వెళ్తుంది, పాదరసం ఆవిరవుతుంది.

ఉమ్మడి స్టోరు

స్టోరు కలిపితే డబ్బు మిగులుతుంది. విభాగాల బీరువాల్లో గడువు దాటిన బాండింగ్ ఏజెంటు (ఫిల్లింగును పన్నుకు అంటించే ద్రవం) సీసాలు బయటపడతాయి. కానీ కొనే మనిషికి వాడే మనిషి మాట వినిపించాలి. అన్ని విభాగాలకూ కలిపి చౌకగా లేటెక్స్ గ్లోవ్స్ కొన్నారనుకోండి. ప్రోస్థోలో ఆ గ్లోవ్స్‌తో పళ్ల కొలత (అచ్చు) తీసే అడిషన్ సిలికోన్ పుట్టీ పిసికితే లేటెక్స్‌లోని గంధకం వల్ల పుట్టీ గట్టిపడదు. కొలత పాడవుతుంది. తప్పు మెటీరియల్‌ది అనుకుని కంపెనీ మారుస్తారు. ప్రోస్థోకు వినైల్ గానీ నైట్రైల్ గానీ గ్లోవ్స్ వేరుగా ఉండాలి. ఫైళ్లలో 25 మిల్లీమీటర్లవి మాత్రమే కొంటే నోరు సరిగా తెరవలేని పేషెంటు వెనక పన్నుకు 21 మిల్లీమీటర్ల ఫైలు దొరకదు. ఆల్జినేట్ (నీళ్లలో కలిపి కొలత తీసే పొడి) పెద్ద సంచి చౌకే, కానీ ఒకసారి తెరిచాక చెమ్మ పీలుస్తుంది. గాలి చొరని డబ్బాల్లోకి వెంటనే మార్చాలి. తిరుపతి ఎండాకాలంలో కుళాయి నీళ్లతో ఆల్జినేట్ కలిపితే ట్రే నోట్లోకి వెళ్లేలోపే బిగుసుకుంటుంది. చల్లటి నీళ్ల కూజా ఒకటి ప్రోస్థోలో, ఒకటి ఆర్థోలో ఉండాలి.

ప్రతి వస్తువుకూ ఒక విభాగాన్ని యజమానిగా రాయండి. కొలత తీసే మెటీరియల్స్ ప్రోస్థోవి, ఫైళ్లు కన్సర్వేటివ్‌వి, లిగ్నోకైన్ (మత్తు మందు), సూదులు సర్జరీవి. కొనేది స్టోరే, ఏది కొనాలో తేల్చేది ఆ విభాగం.

ల్యాబులు: ఏవి కలుస్తాయి, ఏవి కలవవు

పేషెంట్ల దగ్గరికి వెళ్లకముందు విద్యార్థులు సాధన చేసే ప్రీక్లినికల్ ల్యాబు ప్రోస్థోకు ఒకటి, కన్సర్వేటివ్‌కు ఒకటి ఉండి, రెండూ సగం రోజులు ఖాళీగా ఉంటాయి. ఫాంటమ్ హెడ్ల (బొమ్మ తలల) హాలు ఒకటే పెట్టి టైమ్‌టేబుల్ పంచుకోవచ్చు. ప్లాస్టర్ గది మాత్రం గోడ అవతలే ఉండాలి. ప్లాస్టర్ దుమ్ము హ్యాండ్‌పీసు బేరింగుల్లోకి దూరితే అవి ఇసుక పడ్డ సైకిల్ చక్రంలా అరుస్తాయి, కొద్ది కాలానికే పోతాయి. ప్లాస్టర్ సింకులకు కింద మడ్డి పట్టే ట్రాప్ తప్పనిసరి. లేకపోతే మొత్తం అంతస్తు డ్రెయిన్ గట్టిపడుతుంది.

ప్రోస్థో క్లినిక్‌ను, దాని ల్యాబును వేరు అంతస్తుల్లోకి విడదీయడం అస్సలు వద్దు. ఆల్జినేట్ కొలత తీసిన పది, పదిహేను నిమిషాల్లో స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోయాలి. ఆలస్యమైతే అందులోని నీరు బయటికి వచ్చి కొలత కుంచించుకుపోతుంది. ల్యాబు దూరమైతే అటెండరు నాలుగు ట్రేలు చేరే దాకా ఆగి ఒక్కసారే తీసుకెళ్తాడు. ఆ నలుగురి కట్టుడు పళ్లూ వదులవుతాయి.

కలపగలిగిన గుంపు మరొకటి ఉంది. జనరల్ పాథాలజీ, మైక్రోబయాలజీ, ఓరల్ పాథాలజీ. టిష్యూ ప్రాసెసర్, మైక్రోటోమ్, ఇన్క్యుబేటర్ ఉమ్మడిగా వాడుకోవచ్చు. బయాప్సీ ఫారం కూడా ఒక్కటే చేయండి. ముక్క ఓరల్ మెడిసిన్ నుంచి వచ్చినా, సర్జరీ నుంచి వచ్చినా, పెరియో నుంచి వచ్చినా 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి కనీసం పదింతల ద్రవంలో రావాలి. సెలైన్‌లో వేసి సాయంత్రం దాకా టేబుల్ మీద ఉంచిన ముక్క ఎందుకూ పనికిరాదు. అందుకని ఫార్మలిన్ నింపిన సీసాలను ఓరల్ పాథాలజీయే ముందుగా అన్ని విభాగాలకూ పంచి పెట్టాలి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీల విషయం తేలిక. ఒక ఆఫీసు, ఒక క్లర్కు, ఒక హాజరు రిజిస్టరు. వాటికి ఇక్కడ పీజీ లేదు కాబట్టి పెద్ద చిక్కు ఉండదు.

ఇంప్లాంటు ఎవరి సొత్తు?

అసలు గొడవంతా ఇక్కడే. పెరియో, ప్రోస్థో, ఓరల్ సర్జరీ మూడింటి ఎండీఎస్ పాఠ్యాంశాల్లోనూ ఇంప్లాంట్లు (పన్ను పోయిన చోట ఎముకలో బిగించే స్క్రూలు) ఉన్నాయి. మూడూ కిట్లు కొంటాయి, ఒక్కోటి ఒక్కో కంపెనీది. ఏ డ్రైవరూ ఇంకో కంపెనీ స్క్రూకు పట్టదు. ఎముక ఎక్కడ బాగుందో అక్కడ సర్జరీ వాళ్లు పెట్టేస్తారు. నాలుగు నెలల తర్వాత ప్రోస్థోకు వస్తే పన్ను రావాల్సిన చోటు ఒకటి, ఇంప్లాంటు ఉన్న కోణం ఇంకొకటి. లేదా పెట్టిన పీజీ ఈలోపు కోర్సు ముగించుకుని వెళ్లిపోతాడు, ఏ సైజు పెట్టాడో కార్డులో ఉండదు.

కొత్త విభాగం పెట్టక్కర్లేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఉమ్మడి క్లినిక్ చాలు. షరతులు గట్టిగా ఉండాలి. ప్లాన్ ప్రోస్థోలో మొదలవ్వాలి: మోడల్, మైనపు పన్ను, గైడ్ ప్లేటు, ఆ తర్వాతే సీబీసీటీ. కాలేజీ మొత్తానికి ఒకటి, మించితే రెండు కంపెనీల సిస్టమ్‌లే. ఇంప్లాంటు డబ్బా మీది స్టిక్కరు చించి కార్డులో అతికించాలి, సైజు, లాట్ నంబరు అందులోనే ఉంటాయి. ఫైనల్ ఇయర్ చివరి ఆరు నెలల్లో ఉన్న పీజీ కొత్త కేసు మొదలుపెడితే జూనియర్ పేరు కూడా మొదటి రోజే కార్డులో రాయాలి. కేసు లెక్క మూడు విభాగాల లాగ్‌బుక్కుల్లోనూ పడాలి. ఈ చివరి షరతు ఒప్పుకోకపోతే మిగతావి ఎన్ని రాసినా నిలవవు. లెక్క పోతుందన్న భయమే కేసును దాచుకునేలా చేస్తుంది.

గ్రహణ మొర్రి పిల్లలకు పెడో, ఆర్థో, సర్జరీ కలిసి నెలకొక రోజు, దవడ కీలు నొప్పికి ఓరల్ మెడిసిన్, ప్రోస్థో, సర్జరీ కలిసి వారానికొక పూట, ఇదే నమూనాలో నడపవచ్చు.

ఇంటర్న్‌ల వరుస

ఇంటర్న్‌షిప్ నెలలు నిబంధనల్లో ఖాయం: ఓరల్ మెడిసిన్ 1, ఓరల్ సర్జరీ ఒకటిన్నర, ప్రోస్థో ఒకటిన్నర, పెరియో 1, కన్సర్వేటివ్ 1, పెడో 1, ఆర్థో 1, ఓరల్ పాథాలజీ 15 రోజులు, పబ్లిక్ హెల్త్ 3, ఎలెక్టివ్ (తాను ఎంచుకున్న విభాగం) 15 రోజులు. నెలలు మార్చలేం, వరుస మార్చగలం. పెరియో, కన్సర్వేటివ్, ప్రోస్థో వెంటవెంటనే వస్తే మూడున్నర నెలలు. చిగుళ్లు క్లీన్ చేసిన ఇంటర్నే రూట్ కెనాల్ చేసి, తానే క్యాపు బిగించవచ్చు. చిగుళ్లు మళ్లీ చూడాల్సిన నాలుగు, ఆరు వారాలు కూడా ఈ గడువులోనే పడతాయి. అలాగే ఓరల్ మెడిసిన్, సర్జరీ, ఓరల్ పాథాలజీ కలిపి మూడు నెలలు. పుండు చూసిన వారే బయాప్సీకి సాయం పట్టి, స్లైడు కింద అదే ముక్కను చూస్తారు.

ఒక చిక్కుంది. బ్యాచి మొత్తం ఒకే నెలలో పెరియోలో కూర్చుంటే అక్కడ కుర్చీలు చాలవు, కన్సర్వేటివ్ వెలవెలబోతుంది. అందుకని బ్యాచిని మూడు జట్లు చేయండి. ఒక జట్టు పెరియోతో, ఒకటి కన్సర్వేటివ్‌తో, ఒకటి ప్రోస్థోతో మొదలై చక్రంలా తిరుగుతాయి. మొదటి జట్టుకు రెండు లంకెలూ దక్కుతాయి, మిగతా రెండింటికీ ఒక్కొక్కటి మిగులుతుంది. జట్టు మారే రోజు మధ్యాహ్నం క్లినిక్ ఆపి కార్డులు చేతికి చేతికి అప్పగించుకోవాలి. అప్పగింత రిజిస్టరులో పేషెంటు ఫోన్ నంబరు, తర్వాతి తేదీ రెండూ లేకపోతే సంతకం పెట్టవద్దు.

బీడీఎస్ విద్యార్థుల కోటాలు కూడా ఇలాగే చూడాలి. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని క్లీనింగులు అని మాత్రమే కోటా ఉంటే విద్యార్థి పన్నును వెతుక్కుంటాడు, మనిషిని కాదు. కోటాలో నాలుగో వంతును "పూర్తయిన పేషెంటు" కింద పెట్టండి: చికిత్స వరుసలోని అన్ని గళ్లూ నిండిన కార్డు. దాని మీద రెండు విభాగాల సంతకాలు ఉండాలి, మార్కు రెండు చోట్లా పడాలి.

కుర్చీలు జరిపేటప్పుడు

డెంటల్ చైర్ బల్ల కాదు, ఎత్తి ఇంకో చోట పెట్టడానికి. నీరు, గాలి, సక్షన్, డ్రెయిన్, కరెంటు, అయిదు లైన్లు కింద ఉండాలి. నీరు, గాలి, కరెంటు ఎలాగోలా తేవచ్చు. మొండికేసేది డ్రెయిన్. దానికి వాలు కావాలి. శ్లాబు మీద నేల ఎత్తు పెంచకుండా పైపు పరిస్తే వాలు చాలక రక్తం, ప్లాస్టర్, దూది అన్నీ మధ్యలో ఆగుతాయి. కంప్రెసర్ నూనె లేని రకమే అయి ఉండాలి. నూనె పొగ కలిసిన గాలి తగిలితే కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్) అంటదు. కుర్చీలు పెంచినప్పుడు కంప్రెసర్ సామర్థ్యం పెంచకపోతే అన్ని కుర్చీలూ ఒక్కసారి నడిచే పదకొండు గంటల వేళ ఎయిరోటర్ (గాలితో తిరిగే హ్యాండ్‌పీసు) వేగం పడిపోతుంది. చూసేవాళ్లు హ్యాండ్‌పీసు పాడైందనుకుంటారు.

విభాగం మొత్తాన్ని ఒక్కసారి జరపకండి. సగం కుర్చీలు పాత చోట నడుస్తుండగా సగం కొత్త చోట బిగించండి. విశ్వవిద్యాలయ ప్రాక్టికల్ పరీక్షలకు ముందు నెలలో స్క్రూ కూడా విప్పవద్దు. వాడకుండా పడి ఉన్న కుర్చీల సన్న గొట్టాల్లో నీరు నిలిచి జిగురు పొర కడుతుంది. మొదలుపెట్టే ముందు లైన్లకు మందు పోసి, ఆ తర్వాత రోజూ పొద్దున్నే రెండు నిమిషాలు, పేషెంటుకూ పేషెంటుకూ మధ్య అర నిమిషం నీళ్లు వదిలేయాలి.

మార్పు మొదలైన మూడో నెల, ఆరో నెల, అదే రంగు కాగితంతో, అవే ఆరు గళ్లతో మళ్లీ పది పనిదినాల లెక్క తీయండి. మధ్యలో గళ్లు మార్చకండి, పోల్చడానికి ఉండదు. మొదట చూడాల్సింది చివరి గడి: తేదీ మాత్రమే తీసుకుని వెళ్లిన వారు ఎంతమంది. అది తగ్గకపోతే ఎంతసేపు ఆగాల్సి వస్తోందో రెండో, మూడో గడి చెబుతాయి, ఏ రెండు విభాగాల మధ్య ఆగుతోందో ఆ కార్డులు తీసి చూడండి. ఆ రెండు విభాగాల హెచ్ఓడీలను మాత్రమే కూర్చోబెట్టండి, తొమ్మిది మందినీ కాదు. టేబుల్ మీద ఆ వారంలో ఆగిన పది కార్డులు పెట్టి, ఒక్కొక్కటి ఎక్కడ ఆగిందో చదివించండి.